తుపాకీకీ ఉంది సైజు

మన పోలీసు స్టేషన్లలో దశాబ్దాల తరబడి గోడవారన నిలబడ్డ త్రీ నాట్ త్రీ రైఫిల్‌ని చూడని తెలుగువాళ్లు తక్కువ. దాని బట్ చెక్క పైఅంచున, చివరి ఇత్తడి రేకుకు కాస్త ఇవతల, కొన్నిటి మీద ఒకే ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుందని గమనించినవాళ్లు ఇంకా తక్కువ. ఎస్ అంటే పొట్టిది. ఎల్ అంటే పొడుగుది. అక్షరమే లేకపోతే మామూలుది. మరి బి? బాంటమ్. అంటే పొట్టిజాతి కోడి! యుద్ధానికి పంపే తుపాకీని బ్రిటిష్ వాళ్లు చెప్పుల జతల్లాగా సైజులవారీగా తయారుచేశారన్నమాట.

లీ-ఎన్‌ఫీల్డ్ అన్నది ఆ రైఫిల్ అసలు పేరు. 1907లో వచ్చిన మార్క్ 3 రకాన్ని కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ తయారుచేశారు. మామూలు బట్ కన్నా పొట్టిది అర అంగుళం తక్కువ, పొడుగుది అర అంగుళం ఎక్కువ, బాంటమ్ ఏకంగా అంగుళం తక్కువ. జర్మన్ల మౌజర్‌కి ఈ వెసులుబాటు లేదు. దాని చెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకటే ముక్క. లీ-ఎన్‌ఫీల్డ్ చెక్క రెండు ముక్కలు కాబట్టి, వెనక ముక్కను మార్చేస్తే సరిపోయేది. ఇత్తడి రేకులోని చిన్న తలుపు తీస్తే లోపల నూనెబుడ్డి, గొట్టం తుడిచే తాడు కనిపిస్తాయి. వాటిని బయటికి లాగి, పొడవాటి స్క్రూడ్రైవర్‌ని లోతుగా దించితే, బట్‌ని పట్టుకుని ఉండే బోల్టు తగులుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ముందువైపు చెక్కను విప్పకుండా ఆ బోల్టు తిప్పితే, దాని చదరపు కొస చెక్కను చీల్చేస్తుంది. అందుకే ఆ పని సిపాయికి కాక, ఆయుధాల మరమ్మతు తెలిసిన ఆర్మరర్‌కి అప్పగించేవారు.

ఇక కోడి సంగతి. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో బ్రిటిష్ సైన్యంలో చేరాలంటే కనీసం 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు ఉండాలి. పొట్టిగా ఉన్న డర్హమ్ బొగ్గుగని కార్మికుడొకడు ఊరూరా సైనిక భర్తీ కార్యాలయాలకు తిరిగాడట. ప్రతిచోటా గెంటేశారు. చివరికి బర్కెన్‌హెడ్‌లో ఒళ్లు మండి, ఈ గదిలో ఎవడైనా సరే నాతో కలబడండి అని సవాలు విసిరాడని కథ. ఆ ఊరి పార్లమెంటు సభ్యుడు ఆల్ఫ్రెడ్ బిగ్లాండ్ చెవిన ఇది పడింది. ఆయన యుద్ధశాఖను ఒప్పించి, 5 అడుగుల నుంచి 5 అడుగుల 3 అంగుళాల లోపు వాళ్ల కోసం ప్రత్యేక బెటాలియన్లు పెట్టించాడు. అవే బాంటమ్ దళాలు. వేలమంది ఎగబడ్డారు. చెషైర్ రెజిమెంట్‌లో 15వ, 16వ బెటాలియన్లు అలా పుట్టినవే.

తర్వాత 35వ డివిజన్ అంతా పొట్టివాళ్లతోనే నిండింది. దాని చిహ్నం కోడిపుంజు! కందకాల్లో వీళ్లకి గోడ మీదుగా అవతలివైపు కనిపించేది కాదు. ఇసుక బస్తాలు పేర్చి, నిలబడే మెట్టును ఎత్తు చేసుకునేవారు. ఆ తర్వాత కాపలాకొచ్చిన పొడుగువాళ్లు చూసుకోకుండా అదే మెట్టెక్కితే, తల శత్రువుకి నేరుగా కనిపించేదని అప్పటి సైనికులు చెప్పుకునేవారు. యుద్ధం ముదిరేకొద్దీ పొట్టిగా ఉన్నా సత్తువున్నవాళ్లు దొరక్కుండా పోయారు. 1917 వచ్చేసరికి డివిజన్‌లోకి మామూలు ఎత్తువాళ్లను నింపారు, చిహ్నంలోంచి కోడి ఎగిరిపోయింది. దాని స్థానంలో వృత్తంగా పేర్చిన ఏడు అయిదు అంకెలు వచ్చాయి. ఏడైదులు ముప్పయి అయిదు!

అంతకుముందు శతాబ్దాల్లో బట్ పొడవు గురించి సైన్యాలు పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. 1543లో పోర్చుగీసు వాళ్ల నుంచి తుపాకీ నేర్చుకున్న జపాన్‌వాళ్లయితే భుజానికి ఆనించే బట్టే పెట్టలేదు. చెంపకు ఆనించి పేల్చేవారు. మన దేశపు వత్తి తుపాకులకు బట్ ఉన్నా సన్నగా, తిన్నగా ఉండేది. భుజంలో ఇమడదు.

కొలత తీసి చెక్క చెక్కడమన్నది డబ్బున్న వేటగాళ్ల భోగం. లండన్, బర్మింగ్‌హామ్ తుపాకీ దుకాణాల్లో 19వ శతాబ్దం చివరికల్లా, అటూ ఇటూ వంగి సాగే కీళ్లున్న ప్రయోగపు తుపాకీ ఒకటి వచ్చింది. కొనేవాడు దాన్ని భుజానికెత్తుకుంటే, పనివాడు మరలు తిప్పి కొలతలు రాసుకుని, వాల్‌నట్ చెక్కను ఆ మనిషికే సరిపోయేలా చెక్కేవాడు. కుడి భుజాన పెట్టుకుని ఎడమ కంటితో గురిచూసేవాళ్ల కోసం పక్కకు వంకర తిరిగిన బట్‌లూ చేశారు. చూడ్డానికి విరిగిపోయిందేమో అనిపిస్తుంది కానీ, ఆ వంకరలో ఎంత లెక్క ఉందో! అలాంటి చెయ్యి ఇప్పుడు అరుదు. మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలిచే ఆ ఓపిక పోవడం నిజంగా నష్టమే.

ఆ భోగం రణరంగానికి దిగింది రెండో ప్రపంచయుద్ధంలో. మాటువేసి కాల్చే స్నైపర్ల కోసం రైఫిల్ మీద టెలిస్కోప్ బిగిస్తే కన్ను పైకి లేవాలి, చెంప గాల్లో తేలిపోతుంది. లండన్‌లో ధనవంతుల తుపాకులు చేసే హాలండ్ అండ్ హాలండ్ సంస్థ, లీ-ఎన్‌ఫీల్డ్ నాలుగో నంబరు రైఫిళ్లకు చెంప ఆనించుకునే చెక్కముక్కను మరలతో బిగించి ఇచ్చింది. అది పైకీ కిందికీ కదలదు, అయినా ఇవాళ మరతిప్పితే లేచే చెంపదిమ్మకు దాన్ని పూర్వీకుడనొచ్చు.

ఈ కాలపు సర్దుబాటు బట్‌ని, అంటే స్టాక్‌ని, మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాడికి అది ఆటబొమ్మలా అనిపిస్తుంది. అన్నీ మీటలు, మరలు, జారే ముక్కలు. శిక్షకులు పెట్టే పరీక్ష తేలిక. కళ్లు మూసుకుని రైఫిల్‌ని భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవాలి. గురి సూటిగా కంటి ముందే ఉంటే స్టాక్ కుదిరినట్టు. మెడ సాచాల్సొస్తే పొడవెక్కువ, టెలిస్కోప్‌లో నల్లటి నీడ పడితే చెంపదిమ్మ ఎత్తు తేడా. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అక్కడ మెడ కాస్త బిగిసినా ఫలితం మారిపోతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1 మార్కులతో కాంస్యం గెలిచింది ఆ పోటీలోనే. రజతానికి తేడా 0.4.

సైన్యాలు ఈ దారికి రావడానికి ఇంకో కారణం తూటా తట్టుకునే కవచం. అది తొడిగితే భుజం ముందుకొస్తుంది, పొద్దున సరిపోయిన బట్ మధ్యాహ్నానికి పొడుగైపోతుంది. ఇలాంటప్పుడు నాలుగు సైజుల చెక్క ఏ మూలకి? ఈ ఒక్క విషయంలో మీట చెక్కను ఓడించిందని ఒప్పుకోవాల్సిందే.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవాన త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. అదే రాష్ట్రంలో, అమేఠీ జిల్లా కోర్వాలో ఇప్పుడు మన సైన్యం కోసం తయారవుతున్న ఏకే-203కి బట్ పక్కకు మడుచుకుంటుంది, పొడవు సర్దుకుంటుంది. దానికి ఆర్మరర్ అక్కర్లేదు.