షిల్లింగుకు తెరిచిన తోట తలుపులు

ధర్మకార్యాలకు డబ్బు పోగుచేయడం ఎంత కష్టమో సొసైటీ పనుల్లో నాలుగేళ్ళు తిరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. రసీదు పుస్తకం చంకన పెట్టుకుని గడప గడపా ఎక్కాలి. ఇచ్చేవారు ఇస్తారు, "వచ్చే నెల రండి" అనేవారు అంటారు, కిటికీలోంచి చూసి తలుపు తీయనివారూ ఉంటారు. ఇచ్చినవారినే మళ్ళీ మళ్ళీ అడగాలంటే అడిగేవారికి మొహమాటం, ఇచ్చేవారికి విసుగు. ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చింది కాదు. సుమారు నూరేళ్ళ క్రితం ఇంగ్లండులో నర్సుల సంస్థ ఒకటి ఇదే చిక్కులో పడి, దాన్నుంచి చక్కని దారి ఒకటి కనిపెట్టింది. చేయి చాచి చందా అడగడానికి బదులు, సొంత ఇంటి తోట తలుపులు తెరిచి, "వచ్చి చూడండి, తలకొక షిల్లింగు ఇవ్వండి" అన్నారు. ఆ కథ మన సభ్యులు, వారి కుటుంబాలవారు తెలుసుకోదగినది.

ఒక భర్త దుఃఖం నుంచి

తోటల కథ చెప్పాలంటే ముందు నర్సుల కథ చెప్పాలి. విలియం రాత్‌బోన్ లివర్‌పూల్ నగరంలో పేరున్న వర్తకుడు. 1859లో ఆయన భార్య జబ్బుపడి చనిపోయింది. ఆమె చివరి రోజుల్లో మేరీ రాబిన్సన్ అనే నర్సును పెట్టి ఇంట్లోనే సేవ చేయించారు. భార్య పోయిన తర్వాత ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. డబ్బున్న నా ఇంట్లోనే నర్సు లేకపోతే అంత బాధగా ఉండేదే, మరి మందుకూ పథ్యానికీ గతిలేని బీదల ఇళ్ళలో రోగులు ఏమైపోతున్నారు? వెంటనే ఆ నర్సునే పిలిచి, మూడు నెలలపాటు జీతం తానిస్తానని, బీదల ఇళ్ళకు వెళ్ళి రోగులను చూడమని అడిగారు.

నెల తిరగకముందే ఆమె కన్నీళ్ళతో తిరిగి వచ్చింది. ఆ ఇళ్ళలోని దైన్యం చూడలేకపోతున్నాను, నన్ను విడిచిపెట్టండి అంది. రాత్‌బోన్ ఓర్పుతో నచ్చచెప్పి మళ్ళీ పంపారు. గడువు పూర్తయ్యేసరికి ఆమెే మనసు మార్చుకుంది. తన చేతి సేవతో మనుషులు లేచి తిరగడం చూసిన తర్వాత ఇక ఈ పని మానను అంది. ఇంటింటికీ వెళ్ళి రోగులను చూసే నర్సుల వ్యవస్థకు ఇంగ్లండులో అదే నాంది.

అయితే శిక్షణ పొందిన నర్సులు దొరకలేదు. రాత్‌బోన్ ఫ్లారెన్స్ నైటింగేల్‌కు ఉత్తరం రాశారు. నర్సులు దొరకకపోతే మీ ఊళ్ళోనే తయారుచేసుకోండి అని ఆమె సలహా. ఆ మాట ప్రకారం లివర్‌పూల్ పెద్దాసుపత్రి పక్కన 1862లో నర్సుల శిక్షణాలయం వెలిసింది. నగరాన్ని 18 భాగాలుగా విభజించి నర్సులకు అప్పగించారు. 1887లో విక్టోరియా రాణి సింహాసనం ఎక్కి యాభై ఏళ్ళు నిండినప్పుడు దేశంలోని స్త్రీలు చందాలు వేసుకుని ఆమెకు కానుక ఇచ్చారు. అందులో 70,000 పౌండ్లను ఆమె ఈ నర్సుల పనికే కేటాయించింది. ఆ విధంగా రాణిగారి పేరుమీద నర్సుల సంస్థ ఏర్పడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో ఈ నర్సులకు ప్రభుత్వ జీతం లేదు. ఊరూరా ఉన్న సంఘాలు చందాలు దండి, వారానికి కొన్ని పెన్నీల చొప్పున కూలినాలి జనం దగ్గర కూడా పోగుచేసి, ఆ డబ్బుతో నర్సును పోషించుకునేవి. చందా తగ్గితే నర్సు ఉండదు. నర్సు లేకపోతే బాలింతను, మంచంపట్టిన ముసలివారిని చూసే దిక్కు ఉండదు. పైగా ఉద్యోగంలో వయసు మళ్ళిన నర్సుల గతి ఏమిటన్నది ఇంకో ప్రశ్న. జీవితమంతా ఒకరి ఇంట్లో మంచాల పక్కన నిలబడినవారికి తమ ముసలితనంలో నిలువనీడ ఉండవద్దా?

ఒక్క మాట, 609 తోటలు

నర్సుల సంస్థకు అండగా ఉంటూ వచ్చిన అలెగ్జాండ్రా రాణి 1925 నవంబరులో కాలంచేసింది. ఆమె జ్ఞాపకార్థం నర్సుల కోసం ఒక నిధి పోగుచేయాలని సంస్థవారు సంకల్పించారు. 1926లో కార్యవర్గ సభ్యురాలు ఎల్సీ వాగ్ ఒక మాట అన్నారు. మన దేశంలో ఇన్ని అందమైన తోటలున్నాయి, వాటిని చూసే భాగ్యం యజమానులకూ వారి బంధుమిత్రులకూ తప్ప ఎవరికీ లేదు, తలకొక షిల్లింగు పుచ్చుకుని జనాన్ని రానిస్తే ఏం? ఇదీ ఆ మాట సారాంశం.

ఇది వినడానికి చిన్న మాటే కానీ ఆ దేశంలో అప్పటికి పెద్ద సాహసం. ఎత్తయిన గోడల వెనుక ఉండే తోటలవి. ఆ గోడ బయట నడిచే జనానికి లోపల ఏ పువ్వు పూసిందో తెలియదు. అటువంటి గేటు ముందు కూలివాడూ, గుమాస్తా, పెళ్ళాంపిల్లలతో నిలబడి, షిల్లింగు ఇచ్చి దర్జాగా లోపలికి నడవడమంటే మాటలా? షిల్లింగు అంటే 12 పెన్నీలు, పౌండులో ఇరవయ్యో వంతు. ఆ రోజుల్లో పొలం కూలికి వారానికి సుమారు 30 షిల్లింగులు వచ్చేవి. అంటే మరీ విసిరేసే డబ్బు కాదు, అలాగని మామూలు సంసారికి అందనిదీ కాదు.

1927లో 609 తోటలు తెరుచుకున్నాయి. ఐదవ జార్జి రాజుగారి శాండ్రింగ్‌హాం తోట కూడా అందులో ఉంది. ఆ ఒక్క ఏడాది 8,191 పౌండ్లు వసూలయ్యాయి. లెక్క వేసి చూడండి. షిల్లింగుల్లోకి మారిస్తే 1,63,820. ఒక్కో తోటకు సగటున పడింది 13 పౌండ్ల పైచిలుకే. ఏ ఒక్కరూ మహాదాత కాదు. ఏ ఒక్క తోటా నిధిని నింపలేదు. చినుకు చినుకు కలిస్తేనే చెరువు నిండింది.

నాలుగేళ్ళు తిరిగేసరికి, అంటే 1931కి, తోటలు వెయ్యి దాటాయి. ఏ తోట ఏ రోజున తెరుస్తారో తెలిపే చిన్న పుస్తకం కూడా అచ్చయింది. తర్వాతి కాలంలో అట్ట రంగును బట్టి దాన్ని జనం పసుపు పుస్తకం అనసాగారు. అదే ఏడాది స్కాట్లండులోనూ ఇటువంటి పథకమే మొదలైంది.

కెంట్ జిల్లాలో సిసింగ్‌హర్స్ట్ అనే తోట ఉంది. రచయిత్రి వీటా శాక్‌విల్-వెస్ట్, ఆమె భర్త కలిసి 1930లో పాడుబడిన స్థలాన్ని కొని, మడి మడీ తామే తీర్చుకున్నారు. 1938లో దాన్ని మొదటిసారి జనానికి తెరిచారు. షిల్లింగు ఇచ్చి వచ్చేవారిని ఆమె ముద్దుగా "షిల్లింగులు" అని పిలిచేది. ఇంటికొచ్చే అపరిచితులంటే విసుక్కోకుండా, మొక్కల గురించి మాట్లాడగలిగే స్నేహితుల్లా చూసుకునేది. ఆ తోట నేడు ప్రపంచ ప్రసిద్ధం.

అవసరం తీరిన తర్వాత

ఇక అసలు పరీక్ష 1948లో వచ్చింది. ఆ ఏడాది జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ అమల్లోకి వచ్చింది. ఇంటింటికీ తిరిగే నర్సుల బాధ్యత ప్రభుత్వ యంత్రాంగం కిందికి వెళ్ళింది. ఏ పని కోసం తోటలు తెరిచారో ఆ పని సర్కారు నెత్తిన వేసుకుంది. ఇటువంటప్పుడు చాలా సంఘాలు ఏం చేస్తాయి? ఒక వీడ్కోలు సభ పెట్టి, దండలు వేసుకుని, తాళం వేసేస్తాయి. వీరు అలా చేయలేదు. జీతాలు ప్రభుత్వం ఇస్తుంది సరే, రిటైరైన ముసలి నర్సుల మాటేమిటి, శిక్షణ మాటేమిటి అని ఆలోచించి, వసూలును వారికి ఇస్తూ వచ్చారు. చారిత్రక భవనాలను, తోటలను కాపాడే నేషనల్ ట్రస్టుతో ఒప్పందం చేసుకుని, ముఖ్యమైన పాత తోటల పోషణకు కొంత భాగం ఇచ్చారు. బదులుగా ఆ ట్రస్టు తోటలు కూడా ఈ పథకానికి తెరుచుకున్నాయి.

1980లో ఈ పథకం స్వతంత్ర ధర్మసంస్థగా నమోదైంది. ఆ తర్వాత కాన్సరు రోగులను చూసే మాక్‌మిలన్, మేరీ క్యూరీ నర్సులకు, కోలుకోని రోగుల చివరి రోజుల్లో సేవచేసే ఆశ్రమాలకు, ఇంట్లో రోగులను కనిపెట్టుకుని ఉండే బంధువులకు సాయం అందుతూ వచ్చింది. 1971లో షిల్లింగు నాణెం లెక్క మారి ఐదు కొత్త పెన్నీలైంది, టిక్కెట్టు కూడా పెరిగింది, పద్ధతి మాత్రం మారలేదు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సుల్లో మూడు వేలకు పైగా తోటలు తెరుస్తున్నారు. మొదటినుంచీ ఆరోగ్య సేవలకు ఇచ్చిన మొత్తం ఆరు కోట్ల పౌండ్లను దాటింది. 2020లో కరోనా వచ్చి తోటలన్నీ మూతపడినప్పుడు, యజమానులు తమ తోటలను వీడియో తీసి చూపించి చందాలు కోరారు. తలుపు మూసుకున్నా చూపు మూసుకోలేదన్నమాట.

ఈ ఆలోచన ఇతర దేశాలకూ పాకింది. ఆస్ట్రేలియాలో 1987లో మొదలైన ఇటువంటి పథకం పాతికేళ్ళకు పైగా నడిచి 2015లో ఆగిపోయింది. ఏ మంచి పనీ తనంతట తాను నడవదని, నడిపేవారు తరం తరానికీ తయారవుతూ ఉండాలని ఇది చెబుతుంది.

నడిపే తీరు

దీన్ని నడిపే పద్ధతిలో నాలుగైదు విషయాలు మనకు పనికొస్తాయి. మొదటిది, తెరిచేది తోటను మాత్రమే. ఇంటి లోపలికి ఎవరూ రారు. ఇంటి మర్యాద ఇంటిదే, ఆడవాళ్ళ ఏకాంతం వారిదే. రెండవది, పెద్ద తోట అక్కరలేదు. వచ్చినవారు ముప్పావు గంటసేపు ఆసక్తిగా చూడగలిగేంత ఉంటే చాలునని వారి కొలత. ఒక్క ఇంటి పెరడు అంత లేకపోతే, ఒకే వీధిలోని నాలుగైదు ఇళ్ళవారు కలిసి ఒకే రోజున తెరుస్తారు. ఒకే టిక్కెట్టు మీద అన్నీ చూడవచ్చు. మూడవది, టిక్కెట్టుతో పాటు టీ, ఇంట్లో చేసిన కేకులు, పెంచిన మొక్కల నారు అమ్ముతారు. చాలాచోట్ల టిక్కెట్టుకు ఈ అమ్మకం చన్నీళ్ళకు వేన్నీళ్ళలా తోడవుతుంది. నాలుగవది, జిల్లా జిల్లాకూ స్వచ్ఛందంగా పనిచేసేవారు ఉంటారు. తోటను ముందుగా వెళ్ళి చూసేదీ, తేదీ నిర్ణయించేదీ, లెక్క రాసేదీ వారే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. చందా ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అనే భావం ఇందులో రాదు. షిల్లింగు ఇచ్చినవాడు దాతనని ఛాతీ విరుచుకోడు, అతనికి ఒక సాయంత్రం దొరికింది. తోట యజమాని పైసా పుచ్చుకోడు, కానీ ఏడాది పొడవునా తాను పడ్డ కష్టాన్ని పదిమంది మెచ్చుకున్న తృప్తి దక్కింది. నర్సుకు డబ్బు చేరింది, ఎవరి ఎదుటా తలవంచనక్కరలేకుండా చేరింది. ముగ్గురూ మర్యాద నిలుపుకున్నారు. డబ్బు వసూలు చేయడంలో మర్యాద నిలవడం ఎంత అరుదో మనకు తెలియనిది కాదు.

మన ఊళ్ళలో అంత విశాలమైన తోటలు ఎక్కడున్నాయి అని కొందరు అడగవచ్చు. నిజమే. కానీ మేడమీద కుండీల్లో గులాబీలు పెంచే అమ్మలు మన కుటుంబాల్లో లేరా? పెరట్లో నిమ్మ, దానిమ్మ, మల్లె పాదులు కంటికి రెప్పలా చూసుకునే పెద్దవాళ్ళు లేరా? ఒక వీధిలో నాలుగు ఇళ్ళు కలిస్తే ముప్పావు గంట ఇట్టే గడుస్తుంది. ఒక పూట ఆడవారికీ పిల్లలకూ, ఒక పూట మగవారికీ కేటాయిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. వచ్చిన డబ్బు ఎంత, ఏ విద్యార్థి ఫీజుకు, ఏ రోగి మందులకు వెళ్ళిందన్నది గేటు దగ్గర బోర్డు మీద రాసి పెడితే అనుమానాలకు తావుండదు.

ఎల్సీ వాగ్ దగ్గర పెద్ద పెట్టుబడి లేదు. కార్యవర్గ సమావేశంలో ఒక మాట చెప్పే ధైర్యం ఉంది, ఆ మాటను తోసిపుచ్చకుండా విన్న సభ్యులు ఉన్నారు. ఏ సొసైటీకైనా ఆ రెండూ ఉంటే చాలు. 2027లో ఆ తోటల పథకానికి నూరేళ్ళు నిండుతాయి. మన సర్వసభ్య సమావేశంలో ఈసారి ఎవరైనా లేచి నిలబడి ఇటువంటి చిన్న మాట ఒకటి చెబితే, నవ్వకుండా విందాం.