స్నెగూరొచ్కా: ఒక సంప్రదాయం రూపొందిన తీరు

రష్యాలో శీతకాలపు పండుగల్లో మంచు తాత వెంట వచ్చే మనవరాలు స్నెగూరొచ్కా. ఈ జంట అనాదిగా ఉందని మీరు అనుకోవచ్చు. ఆధారాలను కాలక్రమంలో పరిశీలించండి.

జానపద కథలో ఆమె, సంతానంలేని వృద్ధ దంపతులు మంచుతో చేసుకున్న బిడ్డ. తోటి పిల్లలతో మంటపై నుంచి దూకుతూ కరిగిపోతుంది. అందులో క్రిస్మస్ ప్రస్తావన లేదు. 1873 నాటి ఒస్త్రోవ్‌స్కీ నాటకంలో ఆమె మంచు తాతకు కూతురు. దాని ఆధారంగా రిమ్‌స్కీ-కోర్సకొవ్ రచించిన ఒపేరా 1882లో తొలిసారి ప్రదర్శితమైంది.

1920ల చివర క్రిస్మస్ చెట్టును వ్యతిరేకించిన సోవియట్ ప్రభుత్వం, 1935 చివర దానినే నూతన సంవత్సర చెట్టుగా అనుమతించింది. ఆ మతరహిత వేడుకల్లోనే ఆమె మనవరాలిగా స్థిరపడింది.

కనుక ఏ ఆచారాన్నైనా 'ప్రాచీనం' అనే ముందు, దాని తొలి ఆధారం ఏనాటిదో ప్రశ్నించండి.