సర్కారు సొమ్ముతో సీమచదువు

మన దేశంలో సర్కారు ఖర్చుతో సీమచదువు అన్న ఆలోచన 1868 నాటిది. ఇంగ్లండులో చదివేందుకు ఏటా తొమ్మిది మందికి, తలా 200 పౌండ్ల చొప్పున ఇస్తామని వైస్రాయ్ జాన్ లారెన్స్ ప్రభుత్వం ప్రకటించింది. లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రి దాన్ని ఎంతోకాలం సాగనివ్వలేదు. 1886లో పథకం మళ్లీ మొదలైంది కానీ తలుపులు అందరికీ తెరుచుకోలేదు. పుణెలోని దక్కన్ కాలేజీలో చదివి డిగ్రీ పరీక్షలో ముందు నిలిచిన కార్నీలియా సొరాబ్జీ స్త్రీ కావడంతో ఆ వేతనానికి నోచుకోలేదు. ఇంగ్లండులోని స్నేహితులు డబ్బు పోగుచేసి 1889లో ఆమెను ఆక్స్‌ఫర్డ్‌కు పంపారు. హైదరాబాదులో మాత్రం పరిస్థితి వేరు. 1895లో నిజాం ఇచ్చిన వేతనంతోనే పదహారేళ్ల సరోజినీ చటోపాధ్యాయ, అంటే తర్వాతి సరోజినీ నాయుడు, లండన్ కింగ్స్ కాలేజీకి, ఆ తర్వాత గిర్టన్‌కూ వెళ్లగలిగారు.

1904లో వైస్రాయ్ కర్జన్ హయాంలో సాంకేతిక విద్యకు విడిగా వేతనాలు వచ్చాయి.

అయితే పంపేవాడి అవసరమూ చదివేవాడి బతుకూ ఎలా ఢీకొంటాయో బరోడా సంస్థానం ఇచ్చిన వేతనంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. 1913 జూన్ 4న భీమ్‌రావ్ అంబేడ్కర్ ఆ సంస్థానంతో ఒప్పందం మీద సంతకం చేశారు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇస్తారు. చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలి. ఆయన కొలంబియాలో చదివారు, 1916లో లండన్ చేరారు. 1917లో గడువు ముగియడంతో అక్కడి చదువు మధ్యలోనే ఆపి తిరిగొచ్చారు. బరోడా కొలువులో నౌకర్లు ఫైళ్లను దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరేవారు. ఊళ్లో ఇల్లు దొరక్క, పేరు దాచుకుని పార్సీ సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. చదివించిన సంస్థానం తల దాచుకునే చోటు మాత్రం చూపించలేకపోయింది. కొలువు కొద్ది రోజులకే ముగిసింది. ఆగిన లండన్ చదువును 1920లో మళ్లీ అందుకోవడానికి సొంత పొదుపు, స్నేహితుడి అప్పు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం అన్నీ కావలసివచ్చాయి.

ఆ అనుభవం ఉన్న మనిషి 1942లో వైస్రాయ్ మండలి సభ్యుడిగా, షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల విదేశీ చదువుకు ఖజానా నుంచి డబ్బు కేటాయించాలని వినతిపత్రం ఇచ్చారు. 1945లో యుద్ధానంతర పునర్నిర్మాణం కోసం భారత ప్రభుత్వం వందలాది మందిని విదేశాలకు పంపింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1954-55లో, అణగారిన వర్గాల కోసం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలైంది.

2022లో ఆ పథకం నియమాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, దేశానికి సంబంధించిన సామాజిక పరిశోధనలకు వేతనం వర్తించదని చేర్చారు. 1916 మేలో అంబేడ్కర్ కొలంబియాలో చదివిన పత్రం భారతదేశంలో కులాల గురించే. ఈ నియమం అప్పుడే ఉంటే ఆ పరిశోధనకు పైసా రాదు. ఎవరి పోరాటం వల్ల పథకం పుట్టిందో, ఆ వ్యక్తి ప్రశ్నలనే బయట నిలబెట్టడం అన్యాయం.

తెలుగు రాష్ట్రాల్లో కథ డబ్బు దగ్గర మలుపు తిరిగింది. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద రూ.20 లక్షలు ఇస్తారు. మైనారిటీలకు, బీసీలకు వేరే పథకాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రపంచ ర్యాంకులను కొలబద్దగా పెట్టారు. పెద్ద విశ్వవిద్యాలయంలో సీటొస్తే పెద్ద మొత్తం, లేకపోతే ఏమీ లేదన్నారు. ర్యాంకు వెంట పడితే సాయం అందేవారు తగ్గుతారు. ర్యాంకు వదిలేస్తే నాసిరకం కాలేజీలకు సొమ్ము పోతుంది. ఈ చిక్కు నిజమైనదే.

కానీ దానికన్నా ముందు తీర్చాల్సిన సమస్య మరొకటుంది. తెలంగాణ విద్యానిధి మొదటి విడత రావాలంటే విద్యార్థి ఆ దేశంలో దిగిన రుజువు చూపాలి. రెండో విడతకు మొదటి సెమిస్టర్ ఫలితం చూపాలి. అంటే టికెట్, వీసా, తొలి ఫీజు ముందే ఎక్కడో అప్పు తేవాలి. పొలమూ పుస్తెలతాడూ లేని ఇంటికి అప్పెవరిస్తారు? కేంద్రంలోనూ ఇదే చిక్కు: 2025లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలు అందాయి. మిగతావారికి నిధులుంటేనే అన్నారు. ఎంపిక జాబితాతో పాటే నిధులూ విడుదల చేయాలి, మొదటి విడత విమానం ఎక్కకముందే విద్యార్థి ఖాతాలో పడాలి.