నాలుగు ఫ్రాంకుల శ్రోత

మా అత్తగారికి డెబ్భై రెండో ఏట ఇంగ్లీషు మీద మనసు పోయింది. కారణం మరేం లేదు. అమెరికాలో ఉన్న మా మరిది కొడుక్కి ఆరేళ్ళు. వాడికి తెలుగు రాదు. ఆదివారం పొద్దున్నే వాడు ఫోనులో కనిపిస్తాడు. ఈవిడ నవ్వుతారు, వాడు నవ్వుతాడు. అంతటితో సరి. "ఎన్నాళ్ళే ఈ మూగసైగలు?" అన్నారు ఓ రోజు.

సరేనని ఆన్‌లైన్ క్లాసులో చేర్పించాను. తెర మీద ముప్ఫైమంది. ఈవిడ మైకు కట్టేసుకుని, కెమెరా కట్టేసుకుని వారం రోజులు విన్నారు, ఆపైన మానేశారు. అప్పుడు ఫోనులో పాఠాల యాప్ పెట్టిచ్చాను. "గురువూ లేడు, గంటా లేదు. మీ ఇష్టం వచ్చినప్పుడు, ఇష్టం వచ్చినంత. పూర్తి స్వాతంత్ర్యం!" అన్నాను గొప్పగా.

మూడో రోజు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "అమ్మాయ్, కాస్త కూర్చుని వినవే."

"తప్పో ఒప్పో అదే చెబుతుందిగా అత్తయ్యా! నేనెందుకు?" అని విసుక్కున్నాను. ఆవిడ మారుమాట్లాడకుండా వెళ్ళిపోయారు.

ఆ వెళ్ళిపోవడం రాత్రంతా నన్ను కుడుతూనే ఉంది. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, నిద్ర పట్టనప్పుడల్లా నాకు చరిత్రే గుర్తొస్తుంది.

గురువు ఎదురుగా లేని చదువు ఇవాళ పుట్టింది కాదండీ. 1840లో ఇంగ్లండులో పెన్నీ తపాలా రాగానే ఐజాక్ పిట్‌మన్ షార్ట్‌హ్యాండు పాఠాలు పోస్టులో చెప్పాడు. 1856లో బెర్లిన్‌లో టూసాఁ, లాంగెన్‌షైట్ అనే ఇద్దరు ఫ్రెంచి భాషని ఉత్తరాలుగా అచ్చువేశారు. 1873లో బోస్టన్‌లో అన్నా టిక్నర్ అనే ఆవిడ ఆడవాళ్ళకి ఇంటి దగ్గరే చదువు ఏర్పాటు చేసింది. 1982లో మన హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. 2012లో డ్యుయోలింగో జనంలోకి వచ్చింది.

ఈ వరస చూస్తే గురువుని మెల్లమెల్లగా ఇంట్లోంచి సాగనంపినట్టే ఉంటుంది. కానీ కాస్త దగ్గరికెళ్ళి చూడండి. పిట్‌మన్ శిష్యులు కార్డు రాసి పంపితే, ఆయన దిద్ది తిప్పి పంపేవాడు. టిక్నర్ సంఘంలో ప్రతి విద్యార్థినికీ నెలనెలా ఉత్తరం రాసే మనిషి ఉండేది. సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్ళూ పుస్తకాలు చేతికిచ్చి ఊరుకోలేదు, స్టడీ సెంటర్లు పెట్టారు. ఎక్కడో ఓ చోట వినే చెవి ఒకటి ఉంటూనే వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చేది హైన్‌రిష్ ష్లీమన్ కథ. తర్వాతి రోజుల్లో ట్రాయ్ నగరం తవ్వకాలతో పేరుపొందినాయనే. 1844లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గుమాస్తాగా ఉంటూ రష్యన్ నేర్చుకోవాలనుకున్నాడు. చెప్పేవాళ్ళు దొరకలేదు. పాత వ్యాకరణమూ, నిఘంటువూ, టెలిమాకస్ కథకి ఓ నాసిరకం రష్యన్ అనువాదమూ ముందు పెట్టుకుని బట్టీ మొదలెట్టాడు. ఎవరికైనా అప్పజెబితే బాగా వస్తుందనిపించి, ఓ పేద యూదుణ్ణి వారానికి నాలుగు ఫ్రాంకులిచ్చి కుదుర్చుకున్నాడు. రోజూ సాయంత్రం రెండు గంటలు వినడమే ఆయన ఉద్యోగం. పాపం, ఆయనకి రష్యన్ ఒక్క ముక్క రాదు! ఈయన అరుపులకి పక్కవాటాల వాళ్ళు ఫిర్యాదు చేస్తే రెండుసార్లు ఇల్లు మారాల్సి వచ్చింది. ఆరు వారాలకి రష్యన్‌లో తొలి ఉత్తరం రాశానని ష్లీమనే చెప్పుకున్నాడు.

1979లో ఆన్రీ హోలెక్ అనే ఫ్రెంచి పండితుడు, భాష నేర్చుకునేవాడి స్వతంత్రత అంటే తన చదువు బాధ్యత తానే వహించగల శక్తి అన్నాడు. అది పుట్టుకతో రాదు, నేర్చుకోవాల్సిందే అని కూడా అన్నాడు. నేనేమో ఫోనుతో పాటు అదీ వచ్చేస్తుందనుకున్నాను. ఆ బాధ్యత వహించే మనిషే, తనకేం కావాలో తెలిసే, వంటింట్లోకి వచ్చి అడిగింది. అది చేతకానితనం అనుకున్నాను నేను.

పొద్దున్నే కాఫీ ఇస్తూ ష్లీమన్ కథ చెప్పాను. అత్తగారు పకపకా నవ్వారు.

"మా నాన్నగారూ అంతేనే! హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా ఇంట్లోనే చదివానా? ఆయనకి హిందీ అక్షరం ముక్క రాదు. అయినా రోజూ రాత్రి పుస్తకం ఎదురుగా పెట్టుకుని 'ఊఁ, చదువమ్మా' అనేవారు. ఎక్కడైనా ఆగితే చాలు, తప్పు చదివానని పట్టేసేవారు."

నేనింకేం మాట్లాడను! చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను. రోజూ అరగంట. ఆవిడ చెబుతారు, నేను ఈనెలు తీస్తూ ఊఁ కొడతాను. దిద్దేది చాలా తక్కువ.

మొన్న ఆదివారం మనవడు ఫోనులోకి వచ్చాడు. "వాట్ డిడ్ యూ ఈట్?" అని అడిగారు అత్తగారు. వాడు ఆశ్చర్యపోయి గడగడా ఏదో చెప్పేశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను అందుకోబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపేశారు.

"స్లోలీ నాన్నా, స్లోలీ," అన్నారు.

వాడు మళ్ళీ మొదలెట్టాడు, ఒక్కొక్క మాటే, మెల్లగా.