అన్‌హెడోనియా (ఆనందలేమి)

ఇదివరకు ఇష్టపడిన వాటిలో సంతోషం కలగకపోవడాన్ని మనోవైద్యంలో అన్‌హెడోనియా అంటారు. నొప్పి తెలియని స్థితిని చెప్పే ‘అనల్జీసియా’ అన్న మాటకు జోడీగా ఫ్రెంచి మనస్తత్వవేత్త తియోడ్యూల్ రిబో 1896లో ఈ పేరు పెట్టాడు. డిప్రెషన్ ప్రధాన లక్షణాలు రెండింటిలో ఇదొకటి, దిగులు రెండోది. స్కిజోఫ్రీనియా, పార్కిన్సన్స్ జబ్బుల్లోనూ కనిపిస్తుంది.

ఏళ్ల తరబడి కుంగుబాటులో ఉండి కోలుకుంటున్నవారికి ఏడుపు తగ్గుతుంది, నిద్ర కుదురుతుంది, సంతోషం మాత్రం వెంటనే తిరిగి రాకపోవచ్చు. ఉదాహరణకు, కొత్త ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం కలిపి అమ్మ ముద్ద పెడుతుంది. కారం తెలుస్తుంది, నూనె వాసన తెలుస్తుంది, ఒకప్పటి సంబరం మాత్రం కలగదు. ‘ఇప్పుడు బాగానే ఉన్నావుగా, ఇంకా ఆ ముఖమేమిటి?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది. ఈ ఆనందలేమి పొగరూ కాదు, కృతజ్ఞత లేకపోవడమూ కాదు.

కోరుకోవడం, ఆస్వాదించడం మెదడులో వేర్వేరు పనులని అమెరికన్ శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ పరిశోధనలు చూపాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి కోసం కదలవు. నోట్లో తీపి వేస్తే మాత్రం ఇష్టంగానే పెదవులు నాకుతాయి. మనుషుల్లోనూ కొందరికి పోయింది రుచి కాదు, దాని కోసం లేచే ఉత్సాహం.

ఆనందలేమి తీవ్రతను అంచనా వేయడానికి 1995లో వెలువడిన స్నెయిత్-హామిల్టన్ కొలమానంలో 14 అంశాలున్నాయి. పూల వాసన, స్నానం, ఇష్టమైన టీ వంటి చిన్న సుఖాల గురించే అది అడుగుతుంది.

చికిత్సల్లో ‘బిహేవియరల్ యాక్టివేషన్’ ముఖ్యమైనది. మనసు పుట్టాక పని చేద్దామని ఆగకుండా, ముందు పని మొదలుపెట్టడమే దీని పద్ధతి. సాయంత్రం ఆరింటికి పది నిమిషాల నడక అని కాగితం మీద రాసుకుని, ఇష్టం లేకపోయినా నడిచి, ఎలా అనిపించిందో పక్కన రాస్తారు. మొదటి వారాల్లో ‘ఏమీ లేదు’ అనే రాయాల్సి రావచ్చు. దాన్ని ఓటమిగా లెక్కించకూడదు.

కొన్ని డిప్రెషన్ మందులు భావాలను మొద్దుబార్చగలవు. అలా అనిపిస్తే సొంతంగా ఆపేయకుండా వైద్యుడికి చెప్పాలి, మోతాదో మందో మార్చే వీలుంటుంది. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. దిగులు లేకపోయినా ‘సంతోషం తెలియడం లేదు’ అన్న ఒక్క కారణంతోనే ఫోన్ చేయవచ్చు.