మన అర్జీ మనమే రాసుకునే దాకా

రంప తిరుగుబాటు అనగానే మనకు చిగురుపన్ను, ముఠాదారుల మీద జరిగిన దౌర్జన్యం గుర్తొస్తాయి. కాగితం గుర్తు రాదు. 1879 మార్చిలో మన కొండలు భగ్గుమనడానికి అదీ ఒక కారణమే. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు మనవాళ్లకు అప్పులిచ్చి, వాళ్లు చదవలేని పత్రాలు రాయించుకునేవారు. తర్వాత కింది ప్రాంతపు కోర్టులో దావా వేసేవారు. వాయిదాకు మనవాళ్లు వెళ్లేవారు కాదు. ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేది. దాన్ని చూపించి పశువులనూ పంటనూ జప్తు చేసుకుపోయేవారు. తిరుగుబాటుకు కారణాలు వెతికిన ఇంగ్లీషు అధికారులే ఈ సంగతి రాశారు.

ఆ తర్వాత రక్షణ చట్టాలు వచ్చాయి. 1917 చట్టం ఏజెన్సీలో వడ్డీకి, భూమి చేతులు మారడానికి అడ్డుకట్ట వేసింది. 1959లో ఒకటో రెగ్యులేషన్, 1970లో దాన్ని మరింత గట్టిచేసిన సవరణ వచ్చాయి. కానీ ఏ చట్టమూ తనంతట తాను కదలదు. ఎవరో ఒకరు అర్జీ రాయాలి.

రాసేవాళ్లను తయారుచేసిన కథ మన పక్క జిల్లాలది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుణ్ని ఆదిలాబాద్ గోండుల దగ్గరకు పంపింది. పాపికొండల్లో మన కొండరెడ్ల మధ్య కూడా ఉండి, కలప కాంట్రాక్టర్ల అప్పుల్లో వాళ్లు ఎలా చిక్కుకున్నారో చూసినవాడే ఆయన. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అందులో చేర్చుకున్నది చిన్నపిల్లలను కాదు, ఎక్కడో కాస్త అక్షరం ముక్క నేర్చుకున్న గోండు యువకులను. వాచకాలు గోండీ భాషలోనే, దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ముందు ఊళ్లోని పెద్దవాడికి రాయడం వస్తే, బడి అతని వెంట ఊరికి వస్తుందన్నది లెక్క. నాకు ఆ లెక్క ఇప్పటికీ సరైనదనే అనిపిస్తుంది.

మన వైపు పెద్దల చదువు చాలావరకు సంతకం దగ్గరే ఆగింది. నిజానికి 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యత మిషన్ పెట్టుకున్న కొలత అంత చిన్నది కాదు. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి, చిన్న ఉత్తరాలు, దరఖాస్తులు సొంతంగా రాసుకోవాలి. ఇంట్లో కోయ మాట్లాడే అవ్వకు తెలుగు వాచకం చేతికిచ్చి అక్కడిదాకా నడిపించాలంటే ఎంత ఓపిక కావాలి! పేరు రాయడం రాగానే పలక పక్కన పెట్టేసినవాళ్లను తప్పుపట్టలేం. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల అక్షరాస్యత 49 శాతం, ఆడవాళ్లలో 40.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పటి సంగతికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ పెట్టాలంటే కనీసం రెండు ఆధారాలు కావాలి. క్లెయిమ్‌దారు కాని ఊరి పెద్ద చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా ఆధారంగా చెల్లుతుంది. తాత నోట ఉన్న చరిత్రకు చట్టంలో దొరికిన చోటు అది. అలాగే గ్రామసభ తీర్మానం మనకు నచ్చకపోతే సబ్‌డివిజన్ కమిటీకి వెళ్లడానికి గడువు 60 రోజులు. ఆ కాగితం చదివేవాళ్లు ఇంట్లో లేకపోతే గడువు దాటిపోతుంది, 1870ల్లో కోర్టు వాయిదా దాటిపోయినట్టే.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మతో సంతకం కాదు, ఒక అర్జీ మొత్తం రాయించి చూడండి. తేదీ, ఎవరికి, విషయం, కింద పేరు. సర్వే నంబరు ఆమెకు మీకన్నా బాగా గుర్తుంటుంది.