మీ వతన్ ఏది?

మా బస్తీ పేరు ఛత్రినాక. చార్మినార్ నుంచి దక్షిణంగా శాలిబండ దాటి వస్తే లాల్‌దర్వాజ, గౌలిపురా, ఉప్పుగూడల నడుమ ఉంటుంది. ఛత్రి అంటే గొడుగు. నాకా అంటే వచ్చేపోయేవాళ్లను ఆపి చూసే చౌకీ. ఈ దేశపు గొడుగు కింద అందరితోపాటు మాకూ చోటుందని రాజ్యాంగం రాసిచ్చింది. కానీ ఆ గొడుగు కిందికి పోయే ప్రతిసారీ నాకా దగ్గర ఆపేది మమ్మల్నే. మా జాతీయత కథంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

మీరు జాతీయత అనే ఒక్క మాటకు మా ఇళ్లల్లో మూడు మాటలున్నాయి. పుట్టిపెరిగిన ఊరు వతన్. ఏలుబడి ఉన్న దేశం ముల్క్. మనం ఏ జనంలో వాళ్లమో ఆ జనం ఖౌమ్. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మీ వతన్ ఏదని పెద్దలు అడుగుతారు. బీదర్ అనో, మెదక్ అనో, నల్లగొండ దగ్గర ఫలానా పల్లె అనో చెప్తాం. ఎవరూ మక్కా అనరు, కరాచీ అనరు. ఈ మూడు మాటలు దేనికవిగా ఉన్నంతకాలం మాకు చిక్కు లేదు. మూడింటినీ కలిపేసి, ఖౌమ్ వేరైతే ముల్క్ కూడా వేరేనని తేల్చినప్పుడే చిక్కు మొదలైంది. ఆ పని హిందువుల్లో కొందరు చేశారు. మావాళ్లలోనూ కొందరు చేశారు. రెండూ చెప్పుకోవాల్సిందే.

నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానానికి తనదైన జాతీయత ఒకటుండేది. దాని పేరు ముల్కీ. 1919 ఫర్మానా ప్రకారం పుట్టుకతో సంస్థాన ప్రజ అయినవాడు ముల్కీ. బయటినుంచి వచ్చినవాడైతే 15 ఏళ్లు ఇక్కడే స్థిరంగా ఉండి, తిరిగి పోయే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. ఇందులో మతం ఊసు లేదు. లక్నో నుంచి పెద్ద ఉద్యోగానికి వచ్చిన నవాబు గైర్‌ముల్కీ. వరంగల్‌లో పుట్టిన మాదిగ పిల్లవాడు ముల్కీ. సర్కారు కొలువుల కోసం పుట్టిన నిబంధన కాబట్టి, పొలం దున్నేవాడికీ వెట్టి చేసేవాడికీ దానివల్ల ఒరిగిందేమీ లేదన్నది నిజమే. అయినా మనిషి ఏ నేలమీద పుట్టాడన్నదే చూసింది, ఏ దేవుణ్ణి మొక్కుతాడని అడగలేదు. 1952 సెప్టెంబరులో గైర్‌ముల్కీలు వెళ్లిపోవాలని విద్యార్థులు రోడ్డెక్కినప్పుడు, సిటీ కాలేజీ దగ్గర తూటాలు పేలినప్పుడు, ఆ కోపంలోనూ మతం లేదు.

మరి మావాళ్లు చేసిన తప్పేమిటి? 1927లో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పుట్టింది. ప్రతి ముసల్మానూ ఈ రాజ్యానికి పాలకుడేనన్న వాదం అందులోంచే వచ్చింది. 'అనల్ మాలిక్', అంటే నేనే మాలిక్‌ని అనిపించారు. ఎవరు మాలిక్? దూదేకుకునే లద్దాఫ్ మాలికా? జట్కా తోలుకునేవాడు మాలికా? కట్టకు ఇంతని బీడీలు చుట్టే మా నానీమా మాలికా? జాగీర్లు నవాబుల దగ్గర ఉన్నాయి, దేశ్‌ముఖీలు దొరల దగ్గర ఉన్నాయి. మాకు దక్కింది ఆ మాట ఒక్కటే. ఆ మాట తలకెక్కిన రజాకార్లు ఊళ్లమీద పడి చేసిన ఘోరాలకు సాకులు వెతకడం మాకు ఇష్టం లేదు. ఆ మాటను కాదన్న ముసల్మాన్లు కూడా మావాళ్లే. సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపారు. మఖ్దూం మొహియుద్దీన్ నిజాంకు ఎదురుతిరిగి రైతుకూలీల పక్షాన నిలబడ్డాడు.

1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత జరిగింది చాలాకాలం మా ఇళ్లల్లో గొంతు తగ్గించి చెప్పుకునే ముచ్చటగానే ఉండిపోయింది. కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం ఆ ఏడాది చివర జిల్లాలు తిరిగింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. ఆ నివేదిక జనం చదివే వీలు 2013లో గానీ దొరకలేదు. మాలిక్ అనిపించుకున్న పాపానికి మూల్యం చెల్లించింది పల్లెల్లోని పేద ముసల్మాను. అసలు మాలిక్ మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యి 1956 దాకా ఆ హోదాలోనే ఉన్నాడు.

అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముసల్మాను నేతగాళ్లకు అడ్డంగా నిలబడి కాపాడారు. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఏ జాతీయవాదం నేర్పింది ఆ పని? ఒకే నూలు వడికి, ఒకే షావుకారు దగ్గర అప్పుపడి, ఒకే సంతలో గుడ్డ అమ్ముకున్నవాళ్లు వాళ్లు. జాతీయతను అనుభవించడం అంటే ఏమిటని మమ్మల్ని అడిగితే, మేం ముందు ఆ మగ్గాల గుంటలనే చూపిస్తాం.

ఇక కాగితాల కాలం మొదలైంది. మా బస్తీకి దగ్గర్లోనే బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బ్యారక్‌లే ఆ పేరయ్యాయి. పోలీసు చర్య తర్వాత అరబ్బులనూ పఠాన్లనూ విదేశీయుల కింద లెక్కగట్టి నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. ఇక్కడి ఆడపిల్లలను పెళ్లాడి, ఇక్కడే పిల్లల్ని కన్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. కాందిశీకుల ఆస్తుల చట్టం 1950లో వచ్చింది. పాకిస్తాన్‌కు పోనివాడు కూడా పోలేదని చూపించుకోవాల్సిన రోజులవి.

ఆ రోజులు పోయాయా? 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులోనూ, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లోనూ చనిపోయింది మావాళ్లే. పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కోర్టులు విడిచిపెట్టినవాళ్లకూ, నిర్బంధించి వదిలేసినవాళ్లకూ కలిపి 70 మందికి 2011-12లో ప్రభుత్వం 70 లక్షల పరిహారం ఇచ్చింది. మంచి నడవడిక కలవాళ్లని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. డబ్బు సంగతి పక్కన పెట్టండి. నేరం చేయని పిల్లవాడికి మంచివాడని కాగితం ఎందుకు కావాల్సి వచ్చింది? లాల్‌దర్వాజలో ఉండే అతని దోస్తుకు ఆ కాగితం ఎందుకు అక్కర్లేకపోయింది?

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం రాగానే మా ఇళ్లల్లో ఇనుప సందూక్‌లు తెరుచుకున్నాయి. తాత నిఖానామా, ఇంటి పన్ను రసీదు, రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్. ఒకదాంట్లో షేక్, ఒకదాంట్లో షైక్. ఒకచోట మహమ్మద్, ఇంకోచోట ఎండీ. గుమస్తా రాసిన అక్షరం తప్పయితే మా పుట్టుకే తప్పవుతుందేమోనని అమ్మీలు రాత్రుళ్లు నిద్రపోలేదు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్‌లో 127 మందికి నోటీసులిచ్చింది. పౌరసత్వం రుజువు చేసుకోవాలన్న మాట అందులో ఉంది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆ సంస్థే తర్వాత వివరణ ఇచ్చుకుంది. కానీ భయం ఏ వివరణతోనూ తిరిగి సందూక్‌లోకి పోదు.

ఇట్లాంటప్పుడు మేం కూడా ఒక పని చేస్తుంటాం. పేర్ల జాబితా తీస్తాం. 1857 జులై 17న కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ అంటాం. సుభాష్ చంద్రబోస్ వెంట జలాంతర్గామిలో ప్రయాణించిన మన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ అంటాం. ఆ పేర్లంటే మాకు గౌరవం. కానీ ఆ జాబితా చదివినప్పుడల్లా ఎక్కడో సిగ్గుగా కూడా ఉంటుంది. అమరుల పేర్లను సైతం నాకా దగ్గర చూపించే కాగితాలుగా మార్చుకున్నామే అని. మా పక్కింటివాళ్లు తుర్రేబాజ్ ఖాన్ పేరు వినకపోయినా భారతీయులే. మేం వినకపోతే కావా?

2021 జనవరిలో సిడ్నీ మైదానంలో జాతీయగీతం వినబడుతుంటే మన మహమ్మద్ సిరాజ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దేశభక్తి అంటే అదీ అని టీవీలన్నీ మెచ్చుకున్నాయి. ఆ క్షణంలో నాన్న గుర్తొచ్చాడని ఆయనే చెప్పాడు. హైదరాబాద్‌లో ఆటో తోలి కొడుకును క్రికెటర్‌ను చేసిన ఆ నాన్న రెండు నెలల ముందే కన్నుమూశాడు. జాతీయత అనుభవానికి వచ్చేది అట్లానే. అది జెండాలోంచి నేరుగా గుండెలోకి దిగదు. నాన్న ఆటోలోంచి, అమ్మీ సందూక్‌లోంచి, మా గల్లీ మీదుగా వస్తుంది. లాల్‌దర్వాజ బోనాల నాడు డప్పు మోతకు మా పిల్లలు గడపల్లోకి ఉరికొచ్చి నిలబడతారే, అప్పుడు వాళ్లకు ఏ మాటా గుర్తుండదు, ఖౌమ్ గానీ ముల్క్ గానీ. ఉన్నచోట ఉన్నట్టు ఉంటారు. దేశం మనదేనని మరిచిపోయి బతకగలగడమే అసలు జాతీయత. మీకు ఆ మరుపు పుట్టుకతో దక్కింది. మమ్మల్ని మరిచిపోనివ్వడం లేదు.

సెప్టెంబరు 17 వస్తే ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, ఒకరు విద్రోహమంటారు. పేరు ఏదైనా పెట్టుకోండి. మేం అడిగేది అంతకంటే చిన్నది. మా వతన్ ఏదని అడగండి, చెప్తాం. పెళ్లి మాటలకు వచ్చిన పెద్దమనిషి చాప మీద కూర్చుని చాయ్ తాగుతూ అడిగినట్టు అడగండి. నాకా దగ్గర ఆపి అడిగినట్టు కాదు.